ఎర్ర లుంగీ సంకేతం

"కొత్త మనిషిని పెట్టాం," అంది ఫిలోమెనా, వాగులో చేమదుంపలు కడుగుతూ. "కియాప్ దొర ఆఫీసులోనే."

థెక్లా చేతిలో దుంప ఆగిపోయింది.

"నేనున్నానుగా పెద్దమ్మా."

"నువ్వు పెరట్లో ఉన్నావే. మనకి లోపలి కబురు కావాలి."

"ఎవరా మనిషి?"

"పేరు నీకెందుకు? 'ఈ బట్టకి ఎండ వాసన రావాలి' అని ఎవరంటే వాళ్లే. ఆ మాట వినపడితే సంతకం తెల్లారే అని అర్థం. వెంటనే నీ తీగ మీద ఎర్ర లుంగీ ఆరెయ్యి. కొండ మీంచి మన ఆడవాళ్లు చూస్తూనే ఉంటారు, అందరూ దిగొస్తారు."

బ్రీఫింగ్ అంతే.

బూగన్‌విల్ దీవి అప్పట్లో ఆస్ట్రేలియా దొరల చేతిలో ఉండేది. ఆ కొండ కింద రాగి ఉందని ఒక కంపెనీ కనిపెట్టింది. కొండ ఫిలోమెనా వంశానిది. అక్కడ భూమి తల్లి నుంచి కూతురికి వస్తుంది. కంపెనీ పాతిన సర్వే కర్రలన్నీ పీకించి ఫిలోమెనా జైలుకి కూడా వెళ్లొచ్చింది. అందుకే దొరతనం తరఫు అధికారి, అందరూ కియాప్ అని పిలిచే పెద్దమనిషి, ఆవిడని వదిలేసి ఆవిడ తమ్ముడు తమారోని పట్టుకున్నాడు. ఒక తుపాకీ, ఒక రేడియో బహుమతి. తమారో వేలిముద్ర పడితే చాలు, చేమతోటల మీదికీ తల్లుల సమాధుల మీదికీ బుల్డోజర్లు వస్తాయి. సంతకం వచ్చే వారమని కియాప్ చాటింపు వేయించాడు, కానీ ఆ మాట ఎవరూ నమ్మలేదు.

థెక్లా కియాప్ బంగళాలో బట్టలు ఉతికేది. మీటింగు చీటీలూ ప్రయాణాల టికెట్లూ మనసులో మాటల ఉత్తరాలూ దొరల జేబుల్లో ఎన్ని దొరుకుతాయో ఆమెకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పెద్దమ్మకి నంబర్ వన్ ఏజెంట్ తనే. ఇప్పుడు తన పైన ఇంకొకరా?

నెల కిందటే ఆఫీసుకి కొత్త టైపిస్ట్ వచ్చింది. పక్క దీవిలోని రబౌల్ పట్నం పిల్ల, పేరు మిరియం. ఎత్తుమడమల చెప్పులు, పెదాలకి రంగు, నడిస్తే గాలంతా సెంటు. కియాప్ ఆమెని చూసి టై సర్దుకునేవాడు. దానికి థెక్లా నవ్వుకుంది. కానీ జీపు డ్రైవర్ డొమినిక్ ఆమెకి వక్కలు తెచ్చి ఇస్తుంటే నవ్వు రాలేదు. డొమినిక్ తన మొగుడు.

జీపులో వాళ్లిద్దరూ పడీపడీ నవ్వేవారు. పెరట్లోకి వినపడేది. ఒకరోజు మొగుడి చొక్కా ఉతుకుతుంటే సెంటు వాసన కొట్టింది. థెక్లా ఆ చొక్కాని బండకేసి బొత్తాలు ఊడేదాకా బాదింది.

మర్నాడు మధ్యాహ్నం మిరియం పూలగౌను పట్టుకుని పెరట్లోకి వచ్చింది.

"అక్కా, ఈ బట్టకి ఎండ వాసన రావాలి."

థెక్లా తలెత్తి ఆమెని పైనుంచి కిందికి చూసింది. ఇదా ఆ మనిషి?

"సబ్బు వాసనే వస్తుంది. నచ్చకపోతే నువ్వే ఉతుక్కో."

మిరియం కంగారుగా వెనక్కి చూసింది. "అక్కా, సరిగ్గా విను. ఎండ వాసన..."

"నాకు చెవుడు లేదమ్మా. వెళ్లు."

ఎర్ర లుంగీ బుట్టలోనే ఉండిపోయింది. ఇది కియాప్ వల అయితే? ఆడవాళ్లందరూ పోలీసు లాఠీల కిందికి నడిచొస్తే? జాగ్రత్త పడుతున్నానని థెక్లా తనకి తాను చెప్పుకుంది. అది జాగ్రత్త కాదని కడుపులో మంటకి తెలుసు.

పొద్దున్నే జీపు వచ్చింది. లోపల తెల్లచొక్కా వేసుకుని తమారో మావయ్య, కంపెనీ దొర, కెమెరా మెడలో వేసుకున్న సిడ్నీ పత్రికవాడు. జీపు ఆపగానే డొమినిక్ పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఎర్రది ఏదే? మిరియం నిన్ననే చెప్పిందిగా!"

"ఆమె చెప్పినట్టు నీకెలా తెలుసు?"

"పెద్దమ్మ మాటలు ఆమెకి మోసేది నేనే కదా!"

"నాకు చెప్పలేదే?"

"చెప్తే నీ మొహంలో దాగదంది పెద్దమ్మ."

థెక్లా మొహం నిజంగానే తన తప్పు దాచలేదు. లుంగీ లాగి తీగ మీద విసిరింది. కొండ మీంచి మనుషులు దిగాలంటే సమయం పడుతుంది. ఆఫీసు అరుగు మీద బల్ల వేశారు, మిరియం కాగితం పరిచింది, సిరా డబ్బా మూత తీశారు. తమారో బొటనవేలు ముంచాడు.

"ఏమే రబౌల్ దానా!"

అందరూ తిరిగారు. థెక్లా అరుగెక్కి మిరియం జుట్టు పట్టుకుంది. "నా మొగుడే దొరికాడా నీకు? ఊళ్లో మగాళ్లు కరువయ్యారా?"

బల్ల బోర్లా పడింది. సిరా కంపెనీ దొర ప్యాంటు మీద ఒలికింది. పోలీసులు కియాప్ వంక చూశారు. ఆడవాళ్ల తగవులో చెయ్యి పెట్టడం ఎలాగో ఆయన ఏ రూలు పుస్తకంలోనూ చదవలేదు.

"మెల్లగా అక్కా," అంది మిరియం పళ్ల బిగువున. "ఊడొస్తోంది."

"ఊడనీ. మనవాళ్లు ఇంకా వాగు దాటలేదు."

కియాప్ ఇద్దరినీ విడదీయించి, కొత్త సిరా తెప్పించి, మడతలు పడిన కాగితాన్ని మళ్లీ పరిచేసరికి తమారో వేలు కిందికి దిగుతోంది. అంతలో ఒక ముసలి చెయ్యి ఆ మణికట్టు పట్టుకుంది.

"తమ్ముడూ, ఈ భూమి నిన్ను మోసింది. నువ్వు దాన్ని మొయ్యలేదు."

ఫిలోమెనా వెనక ముంగిలంతా ఆడవాళ్లు. చంకల్లో పిల్లలు. ఆవిడ కాగితాన్ని నేల మీద వేసి దాని మీద చతికిలబడి కూర్చుంది. పత్రికవాడు కెమెరా ఎత్తాడు. ఆడవాళ్లని లాఠీలతో లేపిన ఫోటో సిడ్నీలో ఎలా ఉంటుందో కియాప్ ఊహించుకున్నాడు.

"వాయిదా," అన్నాడు పొడిగా. తమారో అక్క మొహం చూడలేక తలవంచుకుని నిలబడ్డాడు.

సాయంత్రం వాగు దగ్గర మిరియం జుట్టు చిక్కులు తీసుకుంటోంది.

"మా అమ్మమ్మ నేలని ఈ దొరల కంటే ముందొచ్చిన జర్మన్లు కొబ్బరితోట చేశారు అక్కా. అదే తోటలో మా అమ్మ కూలికి కాయలు ఏరింది. అందుకే వచ్చా. కానీ నువ్వు అంత గట్టిగా లాగాలా?"

"కియాప్ నమ్మాలిగా." థెక్లా ఎర్ర లుంగీని నీళ్లలో జాడించింది. "జీపులో ఆ నవ్వులు... అవెవరి ఆర్డరు?"

మిరియం సిగ్గుపడింది. "ఆర్డరు లేదక్కా. మీ ఆయన జోకులు నిజంగానే భలే ఉంటాయి."

థెక్లా లుంగీని బండకేసి ఒక్కసారి బాదింది. పెళ్లయిన ఇన్నేళ్లలో డొమినిక్ ఆమెకి ఒక్క జోకూ చెప్పలేదు.