మెరుపు కచేరీకి మెట్ల దారి

"అమ్మా! ఏం చేస్తున్నావ్ అక్కడ?"

అతను వేసిన కేకకు అపార్ట్‌మెంట్ మెట్ల గదంతా మార్మోగింది. మలుపు దగ్గర రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ తల్లి ఏమీ అదిరిపడలేదు. ఆమెకు ఒక మెట్టు కింద నిలబడ్డ అమ్మాయి మాత్రం తాపీగా వెనక్కి తిరిగి చూసింది. నీలం యూనిఫామ్, ఎత్తి కట్టిన జుట్టు, మెడలో ఐడీ కార్డు. చేతులు కట్టుకుని మరీ నిలబడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మనిషి మెట్లెక్కుతుంటే పక్కన చేతులు కట్టుకుని నిలబడే మనిషి ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"ఎవరండీ మీరు? ఆవిడ పడితే?"

"ఫిజియోథెరపిస్ట్‌ని. ఆస్పత్రి వాళ్ళు పంపారు. ఆవిడ పడరు."

"పడరని గ్యారంటీ ఏంటి?"

"మీ కేకకే పడలేదంటే ఇంక దేనికీ పడరు."

పైనుంచి తల్లి కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది. అయినా అతను తగ్గలేదు.

"చక్కగా లిఫ్టుండగా ఈ మెట్లెందుకండీ? ఈ లిఫ్టు మెయింటెనెన్స్ చూసేది నేనే. ఒక్కరోజు కూడా ఆగదు."

"మీరు లిఫ్ట్ మెకానిక్కా?" ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. "అదీ సంగతి! మా వృత్తికి పుట్టుశత్రువులన్నమాట."

అలా మొదలైంది పరిచయం. ఆ రోజు నుంచి ఆమె అతన్ని 'లిఫ్టుగారూ' అని పిలిచేది. అతను ఆమె వెనకాల 'మెట్ల డాక్టర్' అనేవాడు. వెనకాల అన్న మాట కూడా తల్లి పుణ్యమా అని సాయంత్రానికల్లా ఆమెకు చేరిపోయేది.

అతని భయం ఊరికే వచ్చింది కాదు. తల్లి స్నానాల గదిలో జారిపడిన రోజు, ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అతను ఒకే ఒక్క మాట అనుకున్నాడు. ఈసారి లేస్తే చాలు, మళ్ళీ పడనివ్వను. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఇంట్లో గడపలు పీకించాడు, చాపలు తీసేశాడు, తల్లి మంచం దిగితే చాలు పరిగెత్తుకొచ్చేవాడు. ఆ మొదటిరోజు కేక తర్వాత కొన్నాళ్ళు మెట్లెక్కడం కూడా మాన్పించాడు. కుట్టుమిషన్ మీద స్కూలు యూనిఫామ్‌లు కుట్టి కొడుకును పెంచిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళ గ్లాసుకు కూడా కొడుకు వైపు చూడాల్సి వచ్చింది.

"మాటలు కోటలు దాటుతున్నాయి, కాలు గడప దాటడం లేదు," అని తనమీద తనే జోకేసుకునేది.

ఆ కాలు గడప దాటించింది మెరుపు.

మెరుపు అంటే పాప్ సింగర్. అసలు పేరు వేరే ఉంది గానీ, వెండిరంగు గౌనేసుకుని స్టేజీ అంతా తిరిగేస్తుంది కాబట్టి అభిమానులంతా అలాగే పిలుస్తారు. కాలేజీ పిల్లలు ఊగిపోయే ఆ పాటలంటే అతని తల్లికి ప్రాణం. కుట్టుమిషన్ చప్పుడుకు ఆ పాటలు బాగా కుదురుతాయట.

ఒకరోజు ఫిజియో వచ్చేసరికి ఫోన్‌లో మెరుపు పాట మోగుతోంది. మంచం మీద ఉన్న తల్లి పాదం దుప్పటి కింద తాళం వేస్తోంది. ఆ అమ్మాయి ఆ పాదాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"అమ్మా, నిన్న కదపమంటే నొప్పన్నారు?"

"అది నువ్వు కదపమంటే తల్లీ. ఇది మెరుపు కదపమంటే."

ఇంకేముంది, మర్నాటి నుంచి వ్యాయామమంతా మెరుపు పాటకే. పల్లవిలో జనం 'హే!' అని అరిచినప్పుడల్లా మోకాలు పైకెత్తాలి. ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకుని, తనూ మోకాలు ఎత్తుతూ చేయించే ఉద్యోగం కొడుకుది. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. మొదట్లో సిగ్గుపడ్డాడు. తర్వాత 'హే' వినబడితే చాలు, మోకాలు దానంతటదే లేవడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు తల్లి చేతికర్రతో మళ్ళీ మెట్లెక్కడం కూడా సాగింది.

ఫిజియో వచ్చే వేళకు అతను కూడా ఇంట్లో ఉండటం మొదలుపెట్టాడు. అమ్మ కోసమే అనుకున్నాడు పాపం. ఒకరోజు జోరున వాన, కరెంటు పోయింది. ఒక్కరోజు కూడా ఆగని లిఫ్టు ఆగింది. తడిసి ముద్దయిన ఆ అమ్మాయి వెనకే అతను మెట్లెక్కాడు. ఆమె పైకి వెళ్ళి తల తుడుచుకుంటుంటే అతను మలుపులో రెయిలింగ్ పట్టుకుని రొప్పుతున్నాడు.

"మీకు కూడా సెషన్లు పెట్టమంటారా?" అంది.

పెట్టండి అనాలనిపించింది. లిఫ్టు చూసొస్తానని మళ్ళీ కిందికి దిగాడు.

ఇంతలో మెరుపు తమ ఊరికే వస్తోందని వార్త. స్టేడియంలో కచేరీ. దొరికిన టికెట్లు పై స్టాండులోనివి.

"వద్దమ్మా. టీవీలో చూద్దాం."

"టీవీలో చూడ్డానికి కాళ్ళెందుకురా? ఇన్నాళ్ళూ మోకాళ్ళెత్తింది ఎందుకు?" అంది తల్లి. "ఆ పిల్ల పాట పట్టుకుని లేచి నిలబడ్డాను. ఒక్కసారి వెళ్ళి, నా కాళ్ళ మీద నేను నిలబడి, చప్పట్లు కొట్టి రావాలి. అంతే నా కోరిక."

అతను ఫిజియో వైపు చూశాడు, కనీసం ఆమైనా వద్దంటుందని.

"నేనూ వస్తాను," అందామె. "ఇదే ఆవిడకు ఫైనల్ పరీక్ష అనుకుందాం."

ఫైనల్ అన్న మాటకు అతని మనసు ఎందుకో చివుక్కుమంది. పరీక్ష అయిపోతే డాక్టర్ రాదు కదా.

కచేరీ రోజు సన్నగా తుంపర పడుతోంది. స్టేడియం గేటు ముందు వెండి రిబ్బన్లు కట్టుకున్న జనం. అతని దగ్గర మడత చక్రాల కుర్చీ, దిండు, మంచినీళ్ళ సీసాలు, మందుల సంచి, మూడు రెయిన్ కోట్లు.

ఆ అమ్మాయి ఎగాదిగా చూసింది. "లిఫ్టుగారూ, కచేరీకి వచ్చారా, కాపురం పెట్టడానికి వచ్చారా?"

"మీరు నవ్వండి. అవసరం పడితే తెలుస్తుంది. పదమ్మా, లిఫ్టు ఇటు."

"నేను మెట్ల మీదే వస్తాను," అంది తల్లి.

"అమ్మా, ఇది మన మూడంతస్తుల బిల్డింగ్ కాదు!"

"తెలుసు. కళ్ళు బాగానే ఉన్నాయి నాకు."

ఎంత చెప్పినా వినలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని, మొండితనంలో అతనికి తల్లే గురువు. చివరకు అతనే దిగొచ్చాడు. "సరే, ఈ సామానుతో నేను లిఫ్టులో ముందెళ్ళి పైన నిలబడతాను. కాళ్ళు నొప్పెడితే అక్కడే ఆగు." చక్రాల కుర్చీతో సహా లిఫ్టులో దూరాడు. వెనకే వెండి రిబ్బన్ల కాలేజీ పిల్లలు బిలబిలమంటూ ఎక్కేశారు. తలుపు మూసుకుంది.

సగం దూరం వెళ్ళేసరికి బయట డ్రమ్ములు మోగాయి. మెరుపు వచ్చేసింది! స్టేడియం మొత్తం ఒక్క గొంతుతో 'హే!' అంది.

లిఫ్టులో పిల్లలంతా ఎగిరారు. నడుస్తున్న లిఫ్టులో గెంతకూడదని ఎన్నో బిల్డింగుల్లో బోర్డులు తగిలించిన మన మెకానిక్ ఏం చేయాలి? ఆపాలి. కానీ ఇన్నాళ్ళ అలవాటు ఊరుకుంటుందా? మోకాలు లేచింది. మోకాలితో పాటు మనిషీ లేచాడు. అందరికంటే ఎత్తుగా ఎగిరి, అందరికంటే బరువుగా దిగాడు.

ధడేల్‌మని లిఫ్టు ఆగిపోయింది. లైటు రెండుసార్లు కొట్టుకుని నిలిచింది.

"అయ్యో, మెరుపు!" అని పిల్లలు గొల్లుమన్నారు. ఒకడు తలుపు సందులో వేళ్ళు పెట్టబోతే అతను చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "లాగొద్దు. ఇక్కడే ఉంటే ఏం కాదు. పైనుంచి వస్తారు."

"మీకు లిఫ్టుల గురించి తెలుసా అంకుల్?"

"కొంచెం," అన్నాడు అతను.

ఎమర్జెన్సీ బటన్ నొక్కితే స్పీకర్‌లో గొంతు వినిపించింది. "లోపల ఎవరన్నా గెంతారా?"

పిల్లలు నేల చూపులు చూశారు. అతను గొంతు సవరించుకున్నాడు. "గెంతామన్నా."

"ఆ గొంతు... ఒరేయ్, నువ్వా?" అతని కంపెనీలోనే పనిచేసే సీనియర్. "నువ్వుండగా వాళ్ళని గెంతనిచ్చావా?"

"నేనే గెంతానన్నా."

స్పీకర్ అవతల ఒకరు కాదు, చాలామంది నవ్వుతున్న చప్పుడు.

అతనికి నవ్వు రాలేదు. తల్లి మెట్ల మీద ఉంది. చుట్టూ అంత జనం. ఎవరైనా తోస్తే? తడి మెట్టు మీద కాలు జారితే? ఫోన్ చేస్తే కలవడం లేదు, ఇంతమంది మధ్య సిగ్నలెక్కడిది! పడనివ్వనని మాటిచ్చుకున్న మనిషి, అసలైన రోజున ఇనుప పెట్టెలో ఇరుక్కుపోయాడు.

చక్రాల కుర్చీ తెరిచి అందులో తనే కూలబడ్డాడు. కళ్ళు మూసుకుంటే మొదటిరోజు మెట్ల గది కనిపించింది. చేతులు కట్టుకుని నిలబడ్డ అమ్మాయి. ఎంత కోపం వచ్చిందో ఆ రోజు! కానీ ఆమె ఎక్కడ నిలబడింది? ఒక మెట్టు కింద. తల్లి పడితే ముందు తన మీదే పడేచోట. ఇన్నాళ్ళలో ఏ ఒక్కరోజూ ఆ చోటు మారలేదు.

'ఆ అమ్మాయి ఉంది కదా,' అనుకున్నాడు. అంతే, గుండెదడ తగ్గింది. తను కాకుండా ఇంకొకరు తల్లి పక్కన ఉన్నారన్న ధైర్యం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఆ ధైర్యానికి ప్రేమ అని పేరు పెట్టవచ్చని ఆ ఇరుకులోనే అర్థమైంది.

సీనియర్ వచ్చి లిఫ్టును దగ్గరి అంతస్తుకు దించి తలుపు తీసేసరికి ఎన్ని పాటలయ్యాయో. మిగిలిన మెట్లన్నీ అతను సామానంతా మోసుకుంటూ పరుగున ఎక్కాడు. పై స్టాండు చేరి వరసలన్నీ వెతికాడు.

తల్లి కనిపించింది.

నిలబడి ఉంది. రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. ముఖం మీద తుంపర, వెండి లైట్లు. నోరారా పాడుతోంది. చేతికర్ర సీటు కింద పడి ఉంది, ఆమెకు పట్టలేదు. వెనక ఫిజియో నిలబడింది. ఆమె అరచేతులు తల్లి వీపుకు కాస్త ఎడంగా, తాకీ తాకకుండా ఉన్నాయి. స్టేడియం మొత్తం స్టేజీని చూస్తుంటే ఆ అమ్మాయి ఒక్కతే తల్లి వీపును చూస్తోంది.

అతను ఏడ్చాడు. దాచుకోలేదు కూడా. ఆ జనంలో ఏడ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు.

పాట అయిపోయి, మెరుపు మెల్లని పాట అందుకుంది. తల్లి కూర్చుంది. అతను వెళ్ళి ఆ అమ్మాయి పక్కన నిలబడ్డాడు.

"ఎక్కడికెళ్ళారండీ? పైన నిలబడతానన్నారు!"

"లిఫ్టు ఆగింది."

"ఒక్కరోజు కూడా ఆగదన్నారు?"

"నేను గెంతాను. తర్వాత చెబుతా." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "ముందు ఇది చెప్పనివ్వండి. ఆపరేషన్ రోజు అమ్మ ఇక లేవదనే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ చూశాను. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో నాకు తెలియడం లేదు."

ఆమె వెంటనే వేళాకోళం చేయలేదు. "నేనూ చెప్పాలి. నేను వెళ్ళే ఇళ్ళలో వ్యాయామాలు చెప్పి వస్తాను, మర్నాటికి మర్చిపోతారు. మీరు అరిచారు, గొడవపడ్డారు, కానీ ఒక్క పూట మానలేదు. అలసిపోయి వచ్చి కూడా ఆవిడ చేతులు పట్టుకుని మోకాళ్ళెత్తేవారు. అది చూడ్డానికే..." ఆగిపోయింది.

"చూడ్డానికే?"

"ఆస్పత్రి వాళ్ళు నన్ను పంపడం ఎప్పుడో మానేశారు. సెషన్లు అయిపోయాయి."

"మరి వస్తూనే ఉన్నారుగా?"

"వస్తూనే ఉన్నాను," అంది స్టేజీ వైపు చూస్తూ.

"అమ్మ కోసమా?"

"ఆవిడ బాగానే నడుస్తున్నారు కదండీ."

లక్షణంగా అర్థమయ్యే మాటే. అయినా మనవాడు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. మెల్లగా అర్థమవుతున్న కొద్దీ ముఖం వెలిగింది.

తల్లి వెనక్కి తిరగకుండానే అంది. "ఇన్నాళ్ళకి తెలిసిందా వీడికి! తల్లీ, రేపు కూడా ఇంటికి రా. పనిలేకుండా రా. ఇప్పుడు మాత్రం ఇద్దరూ కాసేపు నోరు మూసుకోండి, పాట విననివ్వండి."

కచేరీ ముగిసింది. జనం పలచబడేదాకా ఆగి ముగ్గురూ మెట్ల దగ్గరకు వచ్చారు. ఎక్కడం ఒక ఎత్తు, దిగడం ఒక ఎత్తు. అతను అలవాటుగా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

తల్లి ఆ చేతిని చూసి, రెండో చేత్తో దాన్ని మెల్లగా విడిపించింది.

"పడనులేరా. ఇన్నాళ్ళు పట్టుకున్నావు, చాలు. నువ్వు పట్టుకోబట్టే లేచాను, నాకు తెలుసు. ఇక వదిలెయ్. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకో."

రెయిలింగ్ మీద చెయ్యేసి తల్లి మొదటి మెట్టు దిగింది. ఆగింది. రెండోది దిగింది. అతను ముందుకు వంగబోయి ఆగాడు. వేళ్ళలోకి ఆ అమ్మాయి వేళ్ళు వచ్చి చేరాయి. తల్లి ఇక ఆగకుండా, పాట కూనిరాగం తీసుకుంటూ, తన కాళ్ళ మీద తను కిందికి నడిచి వెళ్ళిపోయింది.