కాలు జారలేదండీ

ముదినేపల్లి దాటాక, చేపల చెరువుల మధ్య ఉంటుంది ఆ డాబా ఇల్లు. మధ్యాహ్నం పన్నెండయింది. జాన్సన్ బయట తాళం వేసి చేపల పట్టుబడికి వెళ్లాడు. అతని భార్య నిస్సీ లోపలే ఉంది. ఆమె ఫోన్‌ని నిన్ననే గోడకేసి కొట్టాడు. ఆ తర్వాత ఆమెను కొట్టాడు. భుజం వాచి చెయ్యి పైకి లేవడం లేదు.

గుడివాడ ఆసుపత్రిలో నర్సు అడిగిన ప్రతిసారీ "కాలు జారిందండీ" అనేది నిస్సీ. ఇంటి గుట్టు లంకకు చేటని అమ్మ చెప్పింది మరి. లంక తగలబడితే తనకేం నష్టమో మాత్రం చెప్పలేదు. మూడేళ్ల కిందట జాన్సన్ మొదటి భార్య సుగుణ చెరువులో శవమై తేలినప్పుడూ ఊరంతా ఆ మాటే అంది. పాపం, కాలు జారిందట.

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చెరువుల్లో నీళ్లకి గాలి పట్టే ఏరేటర్ల హోరు కూడా ఆగింది. చేపల మేత వాసనలో పచ్చి బురద వాసన వచ్చి కలిసింది... మేత బస్తాల గదిలో ఏదో మోగింది.

ఫోన్.

నిస్సీ తలుపు తోసింది. బస్తా మీద పాత బటన్ల ఫోన్. చల్లగా ఉంది. నీళ్లు కారుతున్నాయి... చెవి దగ్గర పెట్టుకుంది.

"నేనూ కాలు జారిందనే అన్నాను... అందరితో..." ఆడగొంతు. గుసగుస. "నువ్వనకు."

చచ్చేంత భయమేసింది. కానీ సాయంత్రం వచ్చి తాళం తీసేవాణ్ని తలుచుకుంటే ఈ గొంతే నయమనిపించింది.

"ఎవరికి చెప్పనక్కా?"

"ఒకటి... ఎనిమిది... ఒకటి."

నొక్కింది. ఆడవాళ్ల హెల్ప్‌లైన్‌లో ఎవరో ఎత్తారు. "చెప్పండమ్మా, ఏం జరిగింది?"

'కాలు' అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"కాలు జారలేదండీ. మా ఆయన కొట్టాడు. రెండేళ్లుగా కొడుతున్నాడు. తాళం వేసి పోయాడు. నేనింక ఇక్కడ ఉండను."

గంటన్నరకి జీపు వచ్చింది. ఆడవాళ్ల సహాయ కేంద్రం నుంచి వీరదుర్గ గారు, వెంట ఇద్దరు పోలీసులు. తాళం పగలగొట్టేసరికి జాన్సన్ బైకు మీద ఊడిపడ్డాడు.

"ఫోన్ ఎవరిచ్చారే నీకు?"

నిస్సీ చేతిలోది చూపించింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అది... సుగుణతోపాటే చెరువులో పడే..." చటుక్కున నోరు మూసుకున్నాడు.

"పడేశారా?" అన్నారు వీరదుర్గ గారు. పోలీసులు అతని దగ్గరికి జరిగారు.

నిస్సీ చేతిలో ఫోన్ మోగింది. వెనక మూత లేదు. బ్యాటరీ కూడా లేదు.

ఆమె ఫోన్ అతని ముందుకి చాపింది.

"తీసుకో," అంది. "నీకే."