ఓడ వెళ్లిన రోజు ఉతికిన బట్టలు

ఇంగ్లండులోని హల్ నగరంలో జనవరి మధ్యాహ్నం పేరుకే మధ్యాహ్నం. మూడున్నరకే దీపం వేసుకోవాలి. ఆ రోజు హంబర్ నది మీంచి పొగమంచు లేచి హెసల్ రోడ్డు వెనక సందులన్నీ నింపేసింది. వినీ స్టాథర్స్ కిటికీ తెరలు లాగేసి, బల్ల మీదున్న టేపు రికార్డర్ ఎదుట ఒక్కతే కూర్చుంది.

దాన్ని పొద్దున లైబ్రరీ నుంచి జిలియన్ అనే అమ్మాయి తెచ్చిచ్చింది. చేపల రేవు నాటి ఆడవాళ్ల జ్ఞాపకాలు పోగు చేస్తున్నారట. తోచింది చెప్పమంది, శనివారం హాల్లో అందరికీ వినిపిస్తామంది. రేవు బతికున్నన్నాళ్లూ ఈ ఆడవాళ్ల మాట వినడానికి ఒక్క దొరకీ తీరిక లేదు. రేవు పూడ్చేసి మీద దుకాణాలు కట్టాక అందరికీ చరిత్ర మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

వినీ ముందు అందరూ చెప్పేవే చెప్పింది. మూడు వారాలు సముద్రం, మూడు రోజులు ఇల్లు. గుమ్మం దాటిన మగవాడికి చెయ్యి ఊపకూడదు. సాగనంపడానికి రేవు దాకా వెళ్లకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఓడ వెళ్లిన రోజు ఇంట్లో బట్టలు ఉతకకూడదు. ఉతికితే మనిషిని కడిగి నీళ్లలో పారబోసినట్టే.

అక్కడికి వచ్చేసరికి ఆమె మీట నొక్కి టేపు ఆపింది.

ముప్పై రెండేళ్ల కిందట ఐస్‌లాండ్ దగ్గర మంచు పేరుకుని బోల్తాపడ్డ ఓడలో ఆమె మొగుడు వాల్ట్ పోయాడు. పక్కింటి హిల్డా కొడుకు కొలిన్ పోయిందీ అందులోనే. పదహారేళ్లవాడు, మొదటి ప్రయాణం. ఆనాటివాళ్లలో ఈ సందులో మిగిలింది ఇద్దరు ఆడవాళ్లే. వినీ గడప తొక్కే మనిషి లోకంలో హిల్డా ఒక్కతే. రోజూ నాలుగింటికి వెనక తలుపు తోసుకుని వస్తుంది, టీ నీళ్లలా ఉందని తిడుతుంది, రెండు కప్పులు తాగి పోతుంది. ఆమె జలుబు చేసి రాని రోజుల్లో వినీ నోరు తెరిచే పనే ఉండదు. పొద్దున కూడా వేళాకోళం ఆడి వెళ్లింది, శనివారం ముందు వరసలో కూర్చుని ఈ కప్పగొంతు వింటానని.

ఆ హిల్డాకి తెలియకూడని మాట ఒకటుంది.

ఒక్కసారి పైకి అనేస్తాను, నా చెవులతో వింటాను, వెంటనే చెరిపేస్తాను అనుకుంది వినీ. ఒంటరి మనుషులకి ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

మళ్లీ మీట నొక్కి, అనేసింది. ఇక ఒడ్డునే పని చూసుకుంటానని మాటిచ్చిన వాల్ట్ తాగొచ్చి మళ్లీ ఓడకే సంతకం పెట్టాడని. తెల్లారి అతను వెళ్లాక కోపం పట్టలేక, పోతే పో అని, అతని చొక్కా సబ్బునీళ్లలో ముంచి ఉతికానని. మరిచిపోయి కాదు, తెలిసే చేశానని. వీధి చూడకుండా లోపలే ఆరేశానని. ఇరవై మంది పోయారని.

టేపు వెనక్కి తిప్పి మీట నొక్కింది.

తన గొంతు ముసలిగా, పరాయిగా వినిపించింది. దాని అడుగున ఇంకేదో చప్పుడు. మొదట టేపు గరగర అనుకుంది. చెవి దగ్గర పెట్టి వింది. తడిబట్ట మెలితిప్పి పిండుతున్న చప్పుడు. నీళ్లు ధారగా పడి, చుక్కలై... మళ్లీ మెలి. చెప్పేటప్పుడు ఇంట్లో అలాంటి చప్పుడేదీ లేదు. కుళాయి కూడా కట్టేసే ఉంది.

ఉప్పు వాసన వేసింది. దానితో పాటు డీజిలూ, చేప కొవ్వూ. రేవు మూతపడ్డాక ఈ ఇంట్లో ఎవరూ ఎరగని వాసన.

వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు.

హిల్డా. కోటు విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో గాని, ముఖం చూస్తే తెలుస్తోంది, అంతా విన్నదని.

ఈ మనిషి ఇప్పుడు వెనక్కి తిరిగితే, ఇక ఆ తలుపు తోసేవాళ్లు చచ్చేదాకా ఎవరూ ఉండరు.

హిల్డా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేనూ ఉతికానే."

"ఏంటీ?"

"దుప్పటి. ముందు రోజు రాత్రి మావాడు భయంతో పక్క తడిపాడు. పదహారేళ్లొచ్చి. వాడి పరువు పోతుందని, వాడటు వెళ్లగానే ఉతికేశాను." ఆమె చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పిండుకుంటున్నాయి. "నీ మొగుణ్ణి నేనే చంపాననుకుంటూ, రోజూ వచ్చి నీ దరిద్రపు టీ తాగాను పిల్లా."

ఒకే గోడకి అటొకతె, ఇటొకతె. ముప్పై రెండేళ్లు. వినీకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. చెయ్యి చాచి హిల్డా చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది, అయినా వదల్లేదు.

టేపులో వినీ మాటలు ఎప్పుడో అయిపోయాయి. పిండే చప్పుడు మాత్రం సాగుతూనే ఉంది.

"ఆపవే దాన్ని," గుసగుసగా అంది హిల్డా.

వినీ మీట నొక్కింది. టేపు ఆగింది.

చప్పుడు ఆగలేదు.

మెలి... ధార... చుక్కలు. వంటింటి వెనక, బట్టలుతికే గదిలోంచి.

"నేను అటునుంచే వచ్చాను," హిల్డా పెదవులు కదిలాయి. "ఎవరూ లేరక్కడ."

ఇద్దరూ లేచారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే వంటిల్లు దాటారు. గది తలుపు దగ్గరికి వచ్చేసరికి చప్పుడు ఆగింది. ఎవరో తలెత్తి చూసినట్టు... ఠక్కున.

వినీ దీపం వేసింది.

గదిలో ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. రాతి తొట్టిలో మాత్రం ఒక మగవాడి ఉన్ని స్వెటర్, తాడులా మెలితిప్పి, చుట్టి పెట్టి ఉంది. దాని కింద నిలిచిన నీళ్లలో వినీ వేలు ముంచి నాలుకకి ఆనించింది. ఉప్పు.

వాల్ట్‌ది కాదు. హిల్డా తల అడ్డంగా ఊపింది, కొలిన్‌దీ కాదు. కొత్తది. మెడ దగ్గర దుకాణం వాళ్లు కుట్టిన చీటీ ఇంకా తెల్లగా ఉంది. ఈ వీధి నుంచి సముద్రానికి వెళ్లేవాడు లేక ఇరవై ఏళ్లు దాటింది.

"ఎవరిదే ఇది? ఇవాళ ఏ ఓడ వెళ్లిందే?" అంది హిల్డా.

వినీ రెండు చేతులూ స్వెటర్ లోపల ఉన్నాయి. తడిసి ముద్దయిన ఆ ఉన్ని, ఇప్పుడే ఎవరి ఒంటి మీంచో విప్పినట్టు, వెచ్చగా ఉంది.