ఓడలో కుక్క లేదు

"అబ్బబ్బ, ఎన్ని తప్పులో!" అనుకుంది అబిగయీలు, ఎర్ర పెన్ను మూత తీస్తూ.

శనివారం మధ్యాహ్నం. వంటింట్లో అమ్మ చేపలు కడుగుతోంది. అబిగయీలు ముందు గదిలో చాప మీద బోర్లా పడుకుని, హెన్రీ తాత నోటుబుక్కు తెరిచి పెట్టుకుంది. ఉప్పునీళ్లు తగిలి దాని అంచులు ఉబ్బిపోయాయి. లోపల నీలం ఇంకుతో అన్నీ ఇంగ్లీషు పద్యాలు, అర పేజీ, ఒక పేజీ కథలు.

హెన్రీ తాత సొంత తాత కాదు. అదే వీధిలో మూడిళ్ల అవతల ఉంటాడు. ముప్పై ఒక్క ఏళ్లు సరుకు ఓడల్లో పనిచేసి వచ్చాడు. ఆ వీధిలో ఏ మిద్దె ఎక్కినా కృష్ణపట్నం పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. కానీ ఓడెక్కి సముద్రాలు దాటినవాడు మాత్రం తాత ఒక్కడే.

బడిలో వాణి మేడం ఏడో తరగతి పిల్లల చేత గోడపత్రిక చేయిస్తోంది. సముద్రం మీద బతికేవాళ్ల గురించి అందరూ ఇంగ్లీషులో ఒక పద్యమో, చిన్న కథో తేవాలి. అబిగయీలు నేరుగా తాత దగ్గరికి వెళ్లి అడిగింది. తాత వెంటనే నోటుబుక్కు చేతిలో పెట్టాడు.

"నీకు నచ్చింది రాసుకో పాపా. రేపు చర్చి అయినాక తెచ్చియ్యి."

ఆమె ఒక చిన్న పద్యం ఎంచుకుంది.

*డాగ్ వాచ్. ది ఓల్డ్ మ్యాన్ ఆన్ ది బ్రిడ్జ్.*
*మై హార్ట్ ఈజ్ ఫుల్ అహెడ్.*
*ది షిప్ ఈజ్ డెడ్ స్లో.*

ఇంగ్లీషులో ఎప్పుడూ క్లాసు ఫస్టు అబిగయీలే. తాత చదివింది ఎనిమిదో తరగతి వరకేనని ఆమెకు తెలుసు. పాపం, వ్యాకరణం రాదు కదా అనుకుంది. డాగ్ వాచ్ అని ఊరికే వదిలేస్తే ఎలా? కొట్టేసి 'ది డాగ్ ఈజ్ వాచింగ్' అని దిద్దింది. ముసలాయన అనడం మర్యాద కాదని 'గ్రాండ్‌ఫాదర్' అని రాసింది. గుండె నిండితే చాలు, అహెడ్ ఎందుకు? దాన్నీ కొట్టేసింది. డెడ్ అంటే చావు. అక్కడ 'వెరీ' పెట్టింది.

పేజీ అడుగున ఎవరో గిలికినట్టు వంకర సంతకం ఒకటి ఉంది. దాని పక్కనే, టీచర్లు వేసినట్టు, పదికి ఆరు మార్కులు వేసింది. తర్వాత దిద్దిన పద్యాన్ని చార్టు మీద అందంగా రాసుకుంది.

ఆదివారం ఉదయం నోటుబుక్కు తిరిగి ఇస్తూ, "తాతా, తప్పులన్నీ దిద్దినాను" అంది గర్వంగా.

హెన్రీ తాత కళ్లజోడు పెట్టుకున్నాడు. పేజీలు తిప్పి, ఆ పద్యం దగ్గర ఆగాడు. చాలాసేపు చూశాడు. వంకర సంతకం మీద బొటనవేలు మెల్లగా ఆనించాడు.

"నీ రాత ముత్యాల మాదిరి ఉండాది పాపా" అన్నాడు. అంతే. నోటుబుక్కు మూసి లోపలికి వెళ్లిపోయాడు.

ఎప్పుడూ మురుకులు పెట్టందే పంపని తాత ఆ రోజు ఎందుకు అలా వెళ్లిపోయాడో ఆమెకు అర్థం కాలేదు.

సోమవారం గోడ మీద చార్టులు అంటించారు. వాణి మేడం ఒక్కొక్కటీ చదువుతూ అబిగయీలు చార్టు దగ్గరికి వచ్చింది.

"కుక్క చూస్తోంది. తాత వంతెన మీద ఉన్నాడు..." అని తెలుగులో చెప్పి, ఆగింది. "ఓడలో కుక్క ఎందుకుంది? ఎవరు రాసిన పద్యమిది?"

"మా వీధిలో హెన్రీ తాత, మేడం."

"కుక్కకి టికెట్టు ఎవురు తీసినారంట?" అన్నాడు వెనక బెంచీలో పెంచలకృష్ణ. క్లాసంతా గొల్లుమంది. "తాతకి ఇంగ్లీషు రాదేమో!" అని ఇంకెవరో అన్నారు.

అబిగయీలు తల దించుకుంది. వాళ్లు నవ్వుతున్నది తాతను చూసి. ఆ కుక్కను తెచ్చింది మాత్రం తను. ఆ మాట నోటిదాకా వచ్చింది. పెదవి దాటి రాలేదు.

బడి వదలగానే సంచీతోనే తాత ఇంటికి పరుగెత్తింది. తాత వరండాలో కూర్చుని పాత తాడుకి ముడులు వేస్తున్నాడు.

"తాతా, డాగ్ వాచ్ అంటే ఏంది?"

తాత తాడు పక్కన పెట్టాడు.

"ఓడలో సాయంకాలం డ్యూటీ పాపా. ఆ పేరు ఎట్టా వచ్చిందో నాకూ తెలీదు. కుక్క మటుకు ఉండదు."

"మరి ఓల్డ్ మ్యాన్?"

"కెప్టెన్ని మేమంతా అట్టనే అనుకుంటాం. ముప్పై ఏళ్ల వాడైనా సరే, ఓల్డ్ మ్యానే. బ్రిడ్జంటే వంతెన కాదు, ఓడ నడిపే గది. అన్నిటికన్నా పైన ఉంటాది."

తాత తాడు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"రామోన్ అని ఒకడుండేవాడు, ఫిలిప్పీన్స్ వాడు. ఒకసారి నడిసముద్రంలో వాడికి కడుపునొప్పి పట్టుకుంది. అపెండిక్స్. ఓడలో డాక్టరు లేడు. కెప్టెన్ ఓడని దగ్గరున్న రేవు వైపు తిప్పించినాడు. ఫుల్ అహెడ్ అన్నాడు. అంటే ఎంత జోరుగా పోగలిగితే అంత జోరు. రెండు పగళ్లు, రెండు రాత్రులు. వాడి చెయ్యి పట్టుకొని కూచున్నా."

"తర్వాత?"

"రేవు కనపడింది. ఆసుపత్రి దీపాలు కూడా కనపడినాయి. కానీ రేవులోకి ఓడని జోరుగా తోలకూడదు పాపా, దేన్నైనా గుద్దేస్తాది. డెడ్ స్లో అని ఆర్డరు వచ్చింది. ఓడ నత్త మాదిరి పోతా ఉండాది. నా గుండె మాత్రం..."

"ఫుల్ అహెడ్" అంది అబిగయీలు నెమ్మదిగా.

అహెడ్‌ని, డెడ్‌ని తనే కొట్టేసింది! ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రామోన్ బతికినాడా తాతా?"

"బతక్కుండా ఏమి! ఆపరేషను అయినాక వాడి మంచం పక్కన కూచుని ఈ పద్యం చదివి వినిపించినా. వణికే చేత్తో కింద సంతకం పెట్టినాడు."

"దాని పక్కనే నేను మార్కులు వేసినా." ఇంక ఆగలేదు, ఏడ్చేసింది. "తెలుగులో రాసుంటే నాకు అర్థమయ్యేది కదా తాతా."

"ఓడలో తెలుగోణ్ణి నేనొక్కణ్ణే. తెలుగులో రాస్తే ఎవురికి చదివేది? ఒకడు పోలెండు, ఒకడు ఉక్రెయిను. అందరికీ తెలిసింది ఈ రవ్వంత ఇంగ్లీషే. అన్నాలయినాక ఒకడు పాడేవాడు, నేను చదివేవాణ్ణి."

ఎనిమిదో తరగతితో బడి మానిన మనిషి, అలల మధ్య కూర్చుని, పరాయి భాషను పట్టుకుని, అన్ని దేశాలవాళ్లకు కవి అయ్యాడు. అబిగయీలు కళ్లు తుడుచుకుంది.

"ఆ ఎర్ర గీతలు వైట్నర్ పెట్టి చెరిపేస్తా తాతా."

"వద్దులే. క్రిస్మస్‌కి రామోన్ వీడియో కాల్ చేస్తాడు, చూపిస్తా. ఎనిమిదిలో నాకు ఇంగ్లీషులో రెండు మార్కులొచ్చినాయి. నువ్వు ఆరు వేసినావు, నయమే కదా!" అని తాత పకపకా నవ్వాడు.

మంగళవారం మొదటి పీరియడ్. వాణి మేడం లోపలికి రాగానే అబిగయీలు లేచి నిలబడింది.

"మేడం, ఆ పద్యంలో కుక్కని పెట్టింది తాత కాదు, నేను. తప్పులని కొట్టేసినా. అవి తప్పులు కావు. నాకే తెలీలేదు."

ఆమె ముందుకు వెళ్లి రామోన్ సంగతి చెప్పింది. తర్వాత, ముందురోజు కాగితం మీద మళ్లీ ఎక్కించుకున్న పద్యాన్ని తాత రాసింది రాసినట్టే చదివింది. ఆఖరి లైను చాలా మెల్లగా చదివింది. ఎవరూ నవ్వలేదు.

"ఇంకోసారి చదువు" అంది వాణి మేడం.

ఇంటర్వెల్‌లో పెంచలకృష్ణ నలిగిన కాగితం ఒకటి తెచ్చాడు. వాళ్ల నాన్న రోజూ పడవ మీద చేపల వేటకు పోతాడు.

"మా నాయన గురించి రాసినా. నిన్న ఇవ్వలేదు. తప్పులు ఉంటాయి, దిద్దిపెడతావా?"

సముద్రం ఒక పక్కకు తిరిగి పడుకుంది అని ఇంగ్లీషులో మొదటి లైను. అబిగయీలు దాన్ని రెండుసార్లు చదివింది.

"సముద్రం పక్కకి తిరిగి పడుకోవడమంటే ఏంది కృష్ణా?"

"అదా! గాలి మారినప్పుడు మా నాయన అట్టనే అంటాడు" అన్నాడు వాడు, కళ్లు మెరుస్తుండగా.

అబిగయీలు బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూచో. ఆయన ఏమేమి అంటాడో మొత్తం చెప్పు."