చెత్తదిబ్బ మీద కొరివి దెయ్యం

అల్లవరం రోడ్డు మలుపులో పాత చెత్తదిబ్బ ఉందే — దాని పేరెత్తితే చాలు, మా వీధిలో పొయ్యి మీది పాలు విరిగిపోతాయి. ఊరు పుట్టిన నాటి నుంచీ చెత్తంతా అక్కడే పోసేరు. తరవాత పైన మట్టి కప్పి, ప్లాట్లు గీసి, గేటు పెట్టేరు. గేటు పెడితే దెయ్యాలు ఆగుతాయా? కాకులు కూడా దాని మీదుగా ఎగరవు, చుట్టు తిరిగి పోతాయి. నేను కళ్ళారా చూసేను!

చీకటి పడితే అక్కడేదో మూలుగుతుందని చెప్పుకునేవారు...

అలాంటి చోట ప్లాటు కొన్న మహానుభావుడు మా ఎలీసమ్మ మొగుడు యాకోబు. ఉద్యోగమంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. గోడకి మేకు కొట్టాలన్నా ఓనరు ముఖం చూడాలి. అందుకే రిటైరవగానే ఉన్నదంతా ఊడ్చి ఆ నేలలో పోసేడు. ఆదివారం పాస్టరు గారొచ్చి పునాదిరాయి వెయ్యాలి.

ఎలీసమ్మ పోరు పడలేక మట్టి పరీక్ష పెట్టించేడు. కాకినాడ నుంచి ఝాన్సీ అనే అమ్మాయి వచ్చి, నేలలో బోర్లు వేసి, పైపులు దింపి మూతలు బిగించింది.

“నేలా నీళ్ళూ చూసి చెబుతానండి. అందాకా మూతలు తియ్యకండి, బాబాయి గారూ.”

“ఆయ్” అన్నాడు యాకోబు. అన్నాడంతే! మన కోనసీమలో స్థలం కొంటే నీళ్ళు నాలిక్కి రాసుకుని చూడ్డమే పరీక్ష. ఉప్పన లేకపోతే పాసయినట్టే. మా తాతలు ఏ మిషను పెట్టి చూసేరు?

శుక్రవారం మునిమాపు వేళ ఒక్కడూ బయల్దేరేడు. చేతిలో తాడు కట్టిన మందు సీసా — ఖాళీదేనని ఎలీసమ్మ ఒట్టేసి చెప్పింది.

పైపు మూత తిప్పేడు.

లోపల్నుంచి... హూఁ... ఊఁ...

యాకోబుకి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. బట్టతల మీద కూడా!

అయినా సీసా దించేడు. లాగేడు. ముక్కు మూసుకుని, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పన లేదు!

“స్తోత్రం...” అన్నాడు గుసగుసగా. ఇంక ఇల్లు లేచినట్టే. ఆ సంబరం సగం, భయం సగం — చుట్ట తీసి అగ్గిపుల్ల గీసేడు. నిప్పుంటే దెయ్యం దగ్గరికి రాదంటారు కదా...

భగ్గుమంది! నీలం మంట — కొబ్బరిచెట్టంత! సగం మీసం అక్కడే పోయింది.

కొరివి దెయ్యం!

వెనక్కి తిరిగేడు. అక్కడ... తెల్లటి ఆకారం. ముక్కు లేదు, నోరు లేదు. నుదుటి మీద ఒంటికన్ను మండుతోంది...

“కదలకండి...” అంది.

యాకోబు బోర్లా పడి కీర్తనలన్నీ కలగాపులగం చేసి చదివేసేడు. ఆకారం అతన్ని దాటి, బోరు వాళ్ళు వదిలేసిన తడిగోనె తీసి పైపు మీద కప్పింది. మంట చచ్చింది. తలకున్న లైటు ఆర్పి మాస్కు తీసింది.

ఝాన్సీ! చీకటి పడేక మళ్ళీ కొలతలు తీసుకుందామని వచ్చిందిట.

“ఇక్కడ చుట్టేంటండీ బాబాయి గారూ! కింద చెత్త ఇంకా కుళ్ళుతోంది. ఊళేసిందీ, మండిందీ ఆ గ్యాసేనండి. ఆ నీళ్ళు గాని ముట్టుకోలేదు కదా?”

“ఆయ్... నాలిక్కి రాసుకున్నానంతేనండి. ఉప్పన లేదండి.”

“ముందు ఉమ్మండి! విషం అది. ఇక్కడ ఇల్లొద్దండి. నేల కుంగుతుంది. గ్యాసు గదుల్లోకొచ్చిందంటే పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే...”

యాకోబు ఉమ్మేడు. తన స్థలం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసుకున్నాడు. మట్టిలోనే మోకాళ్ళ మీద కూచుని, ఆ పిల్లకి చేతులు జోడించేడు.

“దెయ్యమనే చెప్పమ్మా... నీకు పుణ్యముంటుంది. దెయ్యమైతే పాస్టరు గారు ఆదివారం మజ్జాన్నం భోజనాల లోపు వెళ్ళగొట్టేస్తారు. ఈ గ్యాసుకి ఏ వాక్యం చదవమంటావు?”