వెనకగదికి వెళ్ళే వైరు

కొత్తపేటలో పొద్దుటి నుంచీ ముసురు. దీపాలు పెట్టే వేళకి వీరవేణి హాల్లో సీరియల్ ముందు చతికిలబడింది. మొగుడు దొరబాబు మస్కట్‌లో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, తనూ, పక్షవాతంతో వెనకగదిలో మంచం పట్టిన అత్తగారు భూలక్ష్మి.

పెద్దావిడ గొంతు గుసగుస దాటి రాదు. కుడిచెయ్యి మాత్రం ఆడుతుంది. అందుకని డిష్‌లు బిగించే శివాజీ ఓ ఉపాయం చేశాడు. గోడలో పాత కేబుల్ వైరు ఉండనే ఉంది. హాల్లో బాక్సు నుంచి ఆ వైరులోనే వెనకగది టీవీకి బొమ్మ పంపాడు. అక్కడ రిమోటు నొక్కితే ఆ వైరు వెంటే వచ్చి హాల్లో ఛానల్ మారేలా చేశాడు. ఛానల్ మారిందంటే అత్తగారు పిలిచినట్టు. ఆవిడకి అదే నోరు.

సీరియల్ మంచి పట్టులో ఉండగా భక్తి ఛానల్ వచ్చిపడింది. వీరవేణి లేచి వెళ్ళింది.

“పిలిచేరా అత్తయ్యగారూ?”

“దాహమే...”

నీళ్ళు తాగించి వచ్చింది. మళ్ళీ భక్తి. ఈసారి దిండు. మళ్ళీ... ఈసారి కిటికీ. నాలుగోసారికి వీరవేణికి ఒళ్ళు మండింది.

“పావుగంట ఆగలేరేంటండీ!” అని గొణుక్కుంటూ బాక్సు వెనక నుంచి ఆ వైరు పీకేసింది. పాపం అనిపించింది. అయినా సీరియల్ పెట్టుకుని కూర్చుంది.

వాన జోరందుకుంది. తడిసిన కొబ్బరిపీచు వాసన ఇంట్లోకి కొట్టింది. అంతలో వెనకగదిలోంచి మాట...

“పిలిచేరా అత్తయ్యగారూ?”

వీరవేణి చటుక్కున అటు తిరిగింది. అది తన గొంతే. టీవీ అనుకుందామంటే వైరు ఊడి నేలమీద పడి ఉంది.

గ్లాసు చప్పుడు. గుటకలు.

“తాగండి... ఇంకాస్త... ఇంకాస్త తాగండి...”

అత్తగారి దగ్గు. పొలమారింది. గుటకలు ఆగడం లేదు...

వీరవేణి వీధి తలుపు వైపు చూసింది. కానీ ఊపిరాడక కొట్టుకుంటున్నది తన పెద్దావిడ. పరిగెత్తింది.

గదిలో ఎవరూ లేరు. అత్తగారి జాకెట్టూ పరుపూ తడిసి ముద్దయ్యాయి. వీరవేణి ఆవిణ్ణి లేపి, ఒడిలోకి తీసుకుని, గబగబా వీపు నిమిరింది. “నాదే తప్పండీ... ఇంకెప్పుడూ వైరు పీకను...” అని ఏడ్చేసింది.

పెద్దావిడ మెల్లగా ఊపిరి తీసుకుంది. కోడలి మొహంలోకి చూసింది. ఆ కళ్ళు భయంతో పెద్దవయ్యాయి. కుడిచేత్తో ఆమెని నెట్టింది.

“నువ్వెవరమ్మా?... మా వేణి ఇప్పుడేగా నీళ్ళు తేవడానికెళ్ళింది...”

పక్కనే వంటింట్లో, బిందెలో గ్లాసు ముంచిన చప్పుడైంది.