మోచేయి కొలిచే అమ్మాయి

"చొక్కా తీసేయండి."

ఆమె నాతో అన్న మొదటి మాట అది. నేను గుండీ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాను.

"చేతులు పైకి మడుచుకుంటే చాలదా?"

"చాలదు. భుజం నుంచి మణికట్టు దాకా ఈ మెరిసే బిళ్ళలు అంటించాలి. బిళ్ళ కనబడితేనే కెమెరాకు మీ చెయ్యి కనబడేది."

"అలవాటు లేదు."

"నాకుంది," అంది. "అటు తిరిగి తీయండి, ఇటు తిరిగి కూర్చోండి. బయట ఇంకో ఇద్దరు బౌలర్లున్నారు."

రేకుల కప్పు వేసిన పొడుగాటి హాలు అది. మధ్యలో పిచ్ పొడవున చాప, ఆ చివర వల, చుట్టూ పన్నెండు కెమెరాలు. రెండు వారాల కిందట స్క్వేర్ లెగ్‌లో నిలబడిన అంపైరు నా మీద కాగితం రాశాడు. ఈ ఆఫ్‌స్పిన్నరు బంతి వేయడం లేదు, విసురుతున్నాడు అని. నియమం చిన్నదే. బంతి వదిలే లోపల వంగిన మోచెయ్యి పదిహేను డిగ్రీలకు మించి తిన్నగా సాగకూడదు. ఆ చిన్న నియమం మీద మా వీధిలో పెద్ద రగడ. లెక్కల్లో తప్పిన వాళ్ళంతా కోణాలు చెబుతున్నారు. ఒకడు త్రో అంటాడు, ఇంకొకడు నికార్సయిన బౌలింగ్ అంటాడు. "మరి ఎండాకాలంలో కూడా పూర్తి చేతుల చొక్కా ఎందుకు? దాచుకోవడానికే!" అని మూడోవాడు.

దాచుకోవడానికే. కానీ వాళ్ళనుకున్న దాన్ని కాదు. ఏడేళ్ళప్పటి నుంచి నా కుడి మోచెయ్యి వంకర. మా బావ దర్జీ. అక్కతో పెళ్ళయిన నాటి నుంచి నా చొక్కాలన్నీ ఆయనే కుడుతున్నాడు, వంకర కనబడకుండా కుడి చెయ్యి కాస్త వదులు పెట్టి.

చొక్కా తీశాను. ఆమె చూసింది. అయ్యో అనలేదు.

"ఎలా జరిగింది?"

"గడ్డివాము మీంచి పడ్డాను."

"కట్టు కట్టించలేదా?"

"కట్టించారు. అదే వంకరగా కట్టారు."

ఆమె నవ్వు ఆపుకోబోయి దగ్గింది.

జిగురు ముందు తన మణికట్టు మీద రాసుకుని, మంట లేదని చూసుకుని, అప్పుడు నా చేతికి రాసింది. ఎవరు వచ్చినా అలాగే చేస్తుందట. అందుకే ఆమె ఎడమ మణికట్టు మీద ఎప్పుడూ గింజంత ఎర్రటి మచ్చలు రెండు మూడు ఉంటాయి.

ఇరవై నాలుగు బంతులు వేశాను. సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెర మీద నేను లేను. తెల్లటి చుక్కలు, వాటిని కలిపే గీతలు బంతి వేస్తున్నాయి.

"వంకర ఉండడం తప్పు కాదు. వంగిన చెయ్యి వంగినట్టే ఉంటే ఎవరికీ పేచీ లేదు. మీ మామూలు బంతికి పదకొండు డిగ్రీలు. వేగంగా వేసే బంతికి పంతొమ్మిది."

"అయితే వాళ్ళన్నది నిజమేనా?"

"ఆ ఒక్క బంతికి నిజం. మిగతా వాటికి అబద్ధం."

నా వాళ్ళు అంతా శుభ్రం అన్నారు. అవతలి వాళ్ళు అంతా దొంగ అన్నారు. తప్పు ఎంతుందో అంతే చెప్పిన మనిషిని నేను చూడటం అదే మొదలు. ఆట నుంచి నిలిపేస్తారని తెలిసి కూడా ఆ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

నిలిపేశారు. మూడు నెలల్లో చెయ్యి సరిచేసుకుని మళ్ళీ పరీక్షకు రావాలి. అప్పటిదాకా వారానికొకసారి, గురువారం నాడు, ఆ హాల్లో చూపించుకోవచ్చు.

వారానికి ఏడు రోజులని బడిలో చెప్పారు. నాకు ఒక్కటే కనబడేది. శుక్రవారం పొద్దున్నే, ఆమె బిళ్ళ అంటించిన చోట జిగురు మరక వెతుక్కునేవాణ్ణి. ఒక స్నానానికి పోయేది కాదు. ఆదివారానికి పోయేది. అక్కడి నుంచి వారం మరీ పొడుగు.

"గురువారం చొక్కాకు ఇస్త్రీ ఎందుకురా?" అన్నాడు బావ, కుట్టు మిషను ఆపి. "అక్కడికి వెళ్ళి విప్పేదేగా!"

"నలిగితే బాగుండదు బావా."

"విన్నావా? మీ తమ్ముడికి నలగడం గురించి తెలిసింది!" అని లోపలికి కేకేశాడు.

అక్క గడప దాకా వచ్చి, నన్ను ఒకసారి చూసి, ఇస్త్రీ పెట్టె తెచ్చిచ్చింది. మా ఇంట్లో మాటలన్నీ బావవే.

"మీరసలు మాట్లాడరా?" ఒక గురువారం బిళ్ళలు అంటిస్తూ ఆమె అడిగింది.

"అడిగితే చెప్తాను."

"అడక్కుండా ఏదైనా ఒక మాట చెప్పండి. తొందర లేదు, వచ్చే వారానికైనా సరే."

వారమంతా ఆలోచించాను. వెళ్ళగానే చెప్పాను. "మీ ఏడో కెమెరా కాస్త కిందికి వాలింది."

ఆమె వెళ్ళి చూసింది. వాలింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడి కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"వారం రోజులు ఆలోచించి తెచ్చిన మాట ఇదా!"

"నిజమే కదా?"

"నిజమే. అదే నా బాధ."

ఇంకో మాట కూడా తెచ్చాను. దాన్ని తిరిగి ఇంటికి తీసుకుపోయాను. ప్రతి గురువారమూ అది నాతో వెళ్ళేది, నాతోనే తిరిగొచ్చేది.

పరీక్షకు ముందు ఆఖరి గురువారం వాన పట్టుకుంది. రేకుల మీద ఒకటే మోత. ఒకరి మాట ఒకరికి వినబడాలంటే దగ్గరగా రావాలి. ఆమె దగ్గరగా వచ్చింది.

"పాసైతే ఇక ఇటు రారు కదా?"

ఎంత ఉందో అంతే చెప్పాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. "రాను. పని ఉండదు కదా," అన్నాను.

"అవును. పని ఉండదు."

బిళ్ళలు ఊడదీసి డబ్బాలో వేసుకుంది. ఆ రోజు ఎన్ని డిగ్రీలో చెప్పలేదు. నేను వాన తగ్గిన తర్వాత కూడా చూరు కింద నిలబడ్డాను. లోపల లైటు వెలుగుతూనే ఉంది. రెండుసార్లు తలుపు దాకా వెళ్ళాను. తోసుకుని వెళ్ళి ఏమనాలో తెలియలేదు.

పరీక్ష రోజు ఆమె కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఆవిడ?"

"ఈ రోజు నేనే బాబూ. ముందు ఇది చదివి సంతకం పెట్టు. కొలిచే మనిషి మారితే ఎందుకు మారారో బౌలరుకు చూపించాలి. రూలు."

నా చెయ్యి మీద నమ్మకం లేక తప్పుకుందనుకున్నాను. కాగితం మీద ఆమె రాతే.

'ఈ బౌలరు నెగ్గినా ఓడినా నాకు ఒకటే అని చెప్పలేను. రెండు నెలలుగా గురువారం కోసం ఎదురుచూస్తున్నాను. ఆ సంగతి ఆయనకు తెలియదు. కాబట్టి ఈ చెయ్యి కొలిచే అర్హత నాకు లేదు. దయచేసి ఇంకెవరినైనా కూర్చోబెట్టండి.'

కింద తేదీ చూశాను. వాన పడిన రోజుకు రెండు రోజుల ముందుది. ఇది రాసిచ్చాకే నన్ను అడిగింది, ఇక రారు కదా అని. నేను రానన్నాను.

"ఆ పిల్ల కొలిచి నువ్వు నెగ్గితే రేపు జనం ఊరుకుంటారా?" పెద్దాయన మెల్లగా అన్నాడు. "నీ పేరు కోసమే తప్పుకుంది. సంతకం పెట్టు. చొక్కా తీయి బాబూ, బిళ్ళలు అంటించాలి."

ఇరవై నాలుగు బంతులు వేశాను. ఎలా వేశానంటే చెప్పలేను. చివరిదానికి ఒక బిళ్ళ ఊడి పడితే ఇరవై అయిదోది వేయించాడు. "ఫలితం నాలుగు రోజుల్లో..." అంటూ నా మొహం చూసి ఆగిపోయి, గడ్డంతో వెనక తలుపు చూపించాడు. చొక్కా తగిలించుకుని పరిగెత్తాను.

వెనక మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"ఇరవై అయిదు వేశారేం?"

గోడ ఇవతల కూర్చుని చప్పుడు లెక్కపెట్టిందన్నమాట.

"ఒక బిళ్ళ ఊడింది."

"వేగం బంతికి చెయ్యి నిలిచిందా?"

"తెలియదు. ధ్యాస చేతి మీద లేదు."

"పంతొమ్మిది వస్తే?" అంది.

"ఆట పోతుంది. మీ దగ్గరకు వస్తాను."

"పదిహేను లోపల వస్తే?"

"ఆట ఉంటుంది. మీ దగ్గరకు వస్తాను."

"పని ఉండదు కదా," అంది తల అటు తిప్పుకుని.

"ఆ రోజు నేనన్నది తప్పు. పని లేకపోయినా రావాలని ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది. మీరు లేని ఆరు రోజులూ ఎలా గడుస్తున్నాయో మీకు చెప్పాలని ఉంది. చెప్పడమే చేతకాలేదు."

అంత పొడుగు మాట అంతకు ముందెప్పుడూ అనలేదు. ఆయాసం వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాను.

"మీ ఇంట్లో ఏమంటారో," అంది.

"అక్క మీ అమ్మగారితో మాట్లాడతానంది."

"అప్పుడే! ఎప్పుడు చెప్పారు మీ అక్కగారికి?"

"నేను చెప్పలేదు. తనే అంది, మూడు వారాల కిందట. నేనే ఆగమన్నాను."

"ఎందుకు?"

"ముందు మిమ్మల్ని అడగాలి కదా."

"మరి అడిగారా?"

"ఇప్పుడు అడుగుతున్నాను."

ఆమె జరిగి, పక్కన చోటు ఇచ్చింది.

వేగం బంతికి పన్నెండని నాలుగో రోజు కాగితం వచ్చింది. మా వీధిలో వాదం మాత్రం ఇప్పటికీ తెగలేదు. ల్యాబులో ఒకలా, మైదానంలో ఇంకోలా వేస్తానంటారు. అననీ. ఆ రోజు మెట్ల మీద మాకు ఏ అంకె తెలియదు.

ఆమె నా చొక్కా చేతి మీద ఉబ్బెత్తుగా ఉన్నవాటిని చూసింది. "బిళ్ళలతోనే వచ్చేశారా! అవి ల్యాబువి."

"తీసుకోండి."

"నేను ముట్టుకోకూడదు."

"పరీక్ష అయిపోయింది."

ఆమె వెనక తలుపు వైపు ఒకసారి చూసింది. నా చొక్కా చెయ్యి మడిచి, మణికట్టు దగ్గర మొదటి బిళ్ళ అంచున గోరు పెట్టింది. మామూలుగా అయితే నిమిషం పని. లోపలి నుంచి పెద్దాయన రెండుసార్లు పిలిచాడు. ఆమె ఇంకా మోచేతి దాకా కూడా రాలేదు.